మూడు షిఫ్టుల ఇంట్లో పెద్ద పండగ నెలలు

విశాఖ దగ్గరి దువ్వాడ, కూర్మన్నపాలెం, వడ్లపూడి, అగనంపూడి ప్రాంతాల ఇళ్లకు ఏటా ఊపిరి సలపని నాలుగు నెలలు వస్తాయి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర గురువారాలతో అవి మొదలవుతాయి. వెంట ధనుర్మాసం, ఆ వెనకే పెద్ద పండగ సంక్రాంతి. పండగ సామాను సర్దేలోపు మాఘమాసపు శుభలేఖలు గుమ్మంలోకి వచ్చేస్తాయి. ఫిబ్రవరి చివర ఇంటర్ పరీక్షలు, మార్చిలో టెన్త్ పరీక్షలు, అదే నెలాఖరుకి ఆఫీసుల్లో ఇయర్ ఎండింగ్. అనకాపల్లి నూకాలమ్మ కొత్త అమావాస్య జాతర, మర్నాడు ఉగాది అయ్యాక గానీ ఇల్లు ఊపిరి పీల్చుకోదు. ఈ నాలుగు నెలల్లో ఇంటి పని రెట్టింపవుతుంది. డ్యూటీ మాత్రం తగ్గదు. ఎగుమతుల కంపెనీల్లో, పోర్టులో, ఉక్కు ప్లాంటులో మార్చి టార్గెట్ల వల్ల ఇంకా పెరుగుతుంది.

ఇలాంటి కాలంలో స్థిమితంగా ఉండాలంటే ఓపిక పట్టాలని, కోపం తగ్గించుకోవాలని, పొద్దున్నే లేచి ధ్యానం చేయాలని పెద్దలు చెబుతారు. అవి మంచి మాటలే. అయితే షిఫ్టు ఇళ్లను దగ్గరగా గమనిస్తే నిలకడకు అసలు ఆధారం వేరేచోట కనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు పడుకుంటారు, ఏ పని ఎవరి మీద పడుతుంది, ఈ ఏడాదికి దేన్ని వదిలేస్తున్నారు అనేవి ముందే తేల్చుకున్న ఇంట్లో మనుషులు తట్టుకుంటారు. అవి తేలని ఇంట్లో ఎంత శాంతమూర్తి అయినా ఫిబ్రవరి వచ్చేసరికి పిల్లల మీద అరుస్తాడు. ఇంటి ఏర్పాటు సరిగ్గా ఉంటే మనసు దాని వెంట నడుస్తుంది.

తెలుగువారి పండగల వరస వ్యవసాయానికి కుదిరినది. ఖరీఫ్ పంట కోతలయి, ధాన్యం ఇంటికి చేరాక సంక్రాంతి వస్తుంది. చేతిలో నాలుగు డబ్బులు, పొలంలో కాస్త తీరిక ఉన్న సమయం అది. ఉక్కు కర్మాగారం రాకముందు ఈ చుట్టుపక్కల పల్లెలూ ఆ లెక్కనే బతికాయి. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమం, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ చేతుల మీదుగా శంకుస్థాపన, 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలగడం, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేయడం వరసగా జరిగాయి. పొలాలు ప్లాంటుకిచ్చిన కుటుంబాలు, శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చినవారు కలిసి కొత్త ఊరయ్యారు. పండగలు వాళ్లతోపాటు వచ్చాయి, పొలం ఇచ్చే తీరిక మాత్రం రాలేదు.

ఎందుకంటే ఇక్కడి పని ఆగే రకం కాదు. ప్లాంటులోని మూడు ఫర్నేసులకూ గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని పేర్లు. వాటిని రాత్రి ఆర్పి పొద్దున్న వెలిగించడం కుదరదు. కోక్ ఓవెన్ బ్యాటరీలు మరీ సున్నితం. వాటి లోపలి సిలికా ఇటుకలు ఒకసారి వేడెక్కాక ఏళ్ల తరబడి ఆ వేడి మీదే ఉండాలి, చల్లారితే పగుళ్లిస్తాయి. అందుకే వీధిలో భోగి మంట వేసే వేళకి లోపల సీ షిఫ్టు నడుస్తూనే ఉంటుంది. పరవాడ దగ్గరి 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రానికీ, గంగవరం పోర్టుకీ, రైల్వేకీ, ఆస్పత్రులకీ పండగ సెలవు లేదు. ఉదయం 6 నుంచి 2 దాకా ఏ షిఫ్టు, 2 నుంచి రాత్రి 10 దాకా బీ షిఫ్టు, 10 నుంచి తెల్లవారి 6 దాకా సీ షిఫ్టు. ఈ ప్రాంతపు పిల్లలకి అక్షరమాల కన్నా ముందు ఈ మూడు అక్షరాలు తెలుస్తాయి.

వీటిలో ఒంటిని ఎక్కువ కుదిపేది సీ షిఫ్టు. మెదడులో ఒక చిన్న భాగం గడియారంలా పగటి వెలుగును బట్టి నిద్ర, ఆకలి, ఒంటి వేడి, హార్మోన్లు ఏ వేళకి ఎలా ఉండాలో నడిపిస్తుంది. కణాల లోపల ఆ గడియారం ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య ఒంటి వేడి బాగా తగ్గుతుంది, చురుకు కూడా అప్పుడే అడుగంటుతుంది. ఆ సమయంలో కంట్రోల్ రూములో మీటర్లు చూసే మనిషి తన ఒంటి స్వభావానికి ఎదురీదుతున్నట్టే. పగలు పడుకుంటే ఆ లోటు పూర్తిగా తీరదు, పగటి నిద్ర సాధారణంగా ఐదారు గంటలకు మించదు. రాత్రి షిఫ్టులు ఏళ్ల తరబడి చేయడం క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చెప్పింది, 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట నిలబెట్టింది.

పండగ నెలల్లో ఈ ఇబ్బంది రెండింతలవుతుంది. సీ షిఫ్టు మొదటి రోజు పరిస్థితి చూడండి. ఇంటాయన పొద్దున్న ఏడింటికి లేస్తాడు. పగలంతా బట్టల షాపులు, గాజువాక మార్కెట్, చుట్టాల్ని స్టేషన్ నుంచి తేవడం. మధ్యాహ్నం ఒక కునుకు తీద్దామంటే ఇల్లు నిండా జనం. రాత్రి తొమ్మిదింటికి క్యారేజీ పట్టుకుని డ్యూటీకి వెళ్తాడు. తెల్లారి ఆరింటికి బండి స్టార్ట్ చేసి జాతీయ రహదారి మీదికి వచ్చేసరికి నిద్ర లేచి 23 గంటలు. వరసగా 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి ఏకాగ్రత, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారితో సమానంగా పడిపోతుందని 1997 నుంచి జరిగిన పరీక్షల్లో తేలింది. మన మోటారు వాహనాల చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. చుక్క ముట్టని మనిషి కూడా ఆ ఉదయం లంకెలపాలెం వైపు లారీల మధ్య బండి నడపడానికి తగని స్థితిలో ఉంటాడు. అందువల్ల నైటుకి వెళ్లేముందు మధ్యాహ్నపు గంటన్నర నిద్ర ఆ ఇంటికి పండగ బట్టల కన్నా ముఖ్యం. దాన్ని విలాసంగా చూసే అత్తామామలకి ఈ లెక్క ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి.

డ్యూటీ దిగి వచ్చాక నిద్రను కాపాడటం మొత్తం ఇంటి పని. తొమ్మిదింటికి కుక్కర్ విజిళ్లు, పదింటికి పాత సామాన్లవాడి కేక, పదకొండింటికి గుడి మైకు, ఆపైన అరగంటకోసారి ఫోను. నిద్ర ముక్కలైతే గంటలు కలిపి చూసినా లాభం లేదు. వెలుగు కూడా శత్రువే. ఇంటికి వచ్చే దారిలో కళ్లలో పడే ఎండ 'తెల్లారింది, లే' అని మెదడుకి చెబుతుంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని రావడం, తేలిగ్గా రెండు ఇడ్లీలు తిని మందపాటి కర్టెన్ వేసిన గదిలో పడుకోవడం అనుభవజ్ఞులు పాటించేవే. టీ, కాఫీల్లోని కెఫీన్ ఐదు గంటల తర్వాత కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటి టీ కునుకుపాటును ఆపుతుంది, ఎనిమిదింటి నిద్రనూ ఆపుతుంది. షిఫ్టు మొదటి సగంలోనే టీలు ముగించేవాళ్లకి పగటి నిద్ర బాగా పడుతుంది. గది తలుపు మీద 'నైట్ డ్యూటీ' అని కాగితం అంటించే ఇళ్లున్నాయి. వచ్చిన చుట్టం మొదట కొంచెం నొచ్చుకున్నా మధ్యాహ్నం రెండింటికి లేచి నవ్వుతూ పలకరించే మనిషిని చూశాక అర్థం చేసుకుంటాడు.

ఆయన పడుకున్న గది తలుపు ఇవతల ఇంకో షిఫ్టు నడుస్తూ ఉంటుంది, దానికి అక్షరం లేదు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. అంటే ఒకరు ఐదు గంటలకు పదకొండు నిమిషాలు తక్కువ, మరొకరు గంటన్నర కూడా కాదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ ఉద్యోగం నుంచి వచ్చిన స్త్రీ ఇంట్లో చేసే పనికి 'రెండో షిఫ్టు' అని పేరుపెట్టి 1989లో పుస్తకం రాసింది. దువ్వాడ సెజ్‌లోనో, అచ్యుతాపురం వైపు దుస్తుల కంపెనీలోనో పనిచేసే అమ్మాయికి ఆ మాట వివరించనక్కర్లేదు. కంపెనీ బస్సు దిగేసరికి సాయంత్రం దాటుతుంది. చీకట్లో లేచి వంట చేసి వెళ్లిన మనిషే వచ్చి మళ్లీ పొయ్యి వెలిగిస్తుంది. భర్తకి షిఫ్టు మారినప్పుడల్లా ఆమెకి వంట వేళ, క్యారేజీ వేళ, పిల్లల్ని దింపే వేళ మూడూ మారతాయి. షిఫ్టు డ్యూటీ ఆయనదే అయినా షిఫ్టు తిరిగేది ఇద్దరికీ.

ఈ భారం ఎలా పేరుకుంటుందో అరిసెల పనిలో స్పష్టంగా కనిపిస్తుంది. బియ్యం ముందు రోజే నానబోయాలి. మర్నాడు నీళ్లు వార్చి, గుడ్డ మీద కాసేపు ఆరనిచ్చి, తడి ఉండగానే మర పట్టించి జల్లించాలి. ఆ తడి పోకముందే అనకాపల్లి బెల్లం పాకం పట్టాలి. నీళ్లలో వేసిన చుక్క మెత్తని ఉండ కట్టే దాకా ఒకరు పొయ్యి దగ్గరే ఉండాలి. దించగానే ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా కలపాలి. ఆపైన ఒత్తేవారు ఒకరు, నూనెలో వేసేవారు ఒకరు, చెక్కల మధ్య నొక్కి నూనె పిండేవారు ఒకరు. మధ్యలో ఆపి మళ్లీ అందుకునే పని కాదిది. ఉమ్మడి కుటుంబాల్లో నలుగురు ఆడవాళ్లు మాట్లాడుకుంటూ చేసిన పని ఇప్పుడు రెండు గదుల క్వార్టర్లో ఒక్క మనిషి మీద పడుతోంది. లోపల గదిలో నైట్ డ్యూటీ మనిషి నిద్రపోతున్నప్పుడే అది జరగాలి. ఆ ఇల్లాలు మధ్యాహ్నానికి చిటపటలాడితే అది ఆమె స్వభావదోషం ఎంతమాత్రం కాదు. నలుగురి పని ఒకరికి పెట్టిన ఫలితం అది. ఇరుగుపొరుగు మూడు కుటుంబాలు కలిసి ఒకరి ఇంట్లో వండుకుని పంచుకోవడం, అరిసెలు కొనుక్కుని పొంగడాలు మాత్రం ఇంట్లో చేసుకోవడం, ఇంటాయన ఏ షిఫ్టు వారంలో సాయంత్రం పూట పాకం తిప్పడం కూర్చుని ఆలోచిస్తే దొరికే దారులే. పండగ రుచి వీటివల్ల తగ్గదు.

మంచి సందర్భాలు కూడా మనిషిని అలసిపోయేలా చేస్తాయని కొలిచి చూపినవాళ్లున్నారు. థామస్ హోమ్స్, రిచర్డ్ రాహీ అనే అమెరికా వైద్యులు 1967లో జీవితంలో వచ్చే 43 మార్పులకు మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100. పెళ్లికి 50. పని వేళలు మారితే 20, నిద్ర అలవాటు మారితే 16, క్రిస్మస్ పండక్కి 12. ఏడాదిలో ఎక్కువ మార్కులు పోగైనవారికి జబ్బుచేసే అవకాశం ఎక్కువగా ఉందని వాళ్లు గమనించారు. ఆ మార్కులు అమెరికావాళ్లను అడిగి వేసినవి. ఇక్కడి ఇంటికి వేస్తే కొత్త అల్లుడు వచ్చిన సంక్రాంతికి, మరదలి పెళ్లికి, కొడుకు ఇంటర్ పరీక్షలకి, వారం వారం మారే షిఫ్టుకి కలిపి మొత్తం చాలా పెద్దదే అవుతుంది. సంతోషంగా ఉండాల్సిన రోజుల్లో నీరసం వచ్చిందని ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. శరీరం దృష్టిలో పండగ కూడా ఒక పనే.

అందుకే ముందస్తు లెక్క అవసరం. దానికి ఈ ఇళ్లలో వాడే పరికరం గోడ మీది తెలుగు క్యాలెండరే. తిథి, నక్షత్రం, వర్జ్యం అచ్చయిన గడిలోనే మూలకి పెన్నుతో ఏ, బీ, సీ, ఆఫ్ అని రాసుకుంటారు. పక్కనే గ్యాస్ బండ తెచ్చిన తేదీ, పాలవాడి లెక్క. షిఫ్టులు వరస ప్రకారం తిరుగుతాయి కాబట్టి నవంబరులో కూర్చుంటే జనవరి వారాలు దాదాపు చెప్పేయవచ్చు. ఇది రైలు టికెట్‌కీ పనికొస్తుంది. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 120 రోజుల ముందు బదులు 60 రోజుల ముందు మొదలవుతోంది. జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13న తెరుచుకుంటుంది. ఆ పొద్దునకి షిఫ్టు లెక్క చేతిలో ఉన్నవాడికి బెర్తు దొరుకుతుంది. పండగ వారంలో ఆఫ్ పడకపోతే ఎవరితో డ్యూటీ మార్చుకోవాలో కూడా అప్పుడే అడగాలి. పండక్కి మీరు చేయండి, ఉగాదికి మీ బదులు నేను చేస్తాను అని ఒప్పుకునే సహోద్యోగి నవంబరులో దొరుకుతాడు, భోగి ముందు రోజు దొరకడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల్లో క్రిస్మస్‌కి ఆఫ్ కావాల్సినవారు, రంజాన్‌కి కావాల్సినవారు సంక్రాంతికి డ్యూటీ పట్టడం చాలాకాలంగా నడుస్తున్న మర్యాద.

రాసుకోవడం వల్ల ఇంకో మేలు ఉంది. పూర్తికాని పని పూర్తయిన పని కన్నా ఎక్కువగా మనసులో మెదులుతుందని బ్లూమా జైగార్నిక్ బెర్లిన్‌లో చేసిన ప్రయోగాల ఆధారంగా 1927లో చెప్పింది. అలా మెదిలే పనికి ఎప్పుడు, ఎలా చేయాలో ఒక ప్లాన్ రాసుకుంటే చాలు, పని చేయకపోయినా మనసు దాన్ని వదిలేస్తుందని 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు తేల్చారు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేశామా, శుభలేఖ ఇచ్చినవారింటికి వెళ్లడం ఏ రోజు అని లెక్కలు వేసే ఇల్లాలికి క్యాలెండరు గడిలో రాసిన ఒక్క మాట నిద్రపట్టిస్తుంది. అయితే అది ఆమె ఒక్కర్తే రాసి ఆమె ఒక్కర్తే చూసే క్యాలెండరు కాకూడదు. గుర్తుపెట్టుకోవడం కూడా పనే. ఇంట్లో ఈ పని ఎక్కువగా ఆడవాళ్లకే మిగులుతుంది, సర్వేల నిమిషాల్లో పూర్తిగా పడదు.

షిఫ్టు ఇంట్లో అందరూ రోజూ కలిసి భోంచేయడం అసాధ్యం. బీ షిఫ్టు వారంలో తండ్రి పిల్లల్ని నిద్రలోనే చూస్తాడు. అయినా రోజులో ఏదో ఒక పావుగంట కదలకుండా నిలబెట్టుకోవచ్చు. ఏ షిఫ్టు వారంలో రాత్రి భోజనం, బీ షిఫ్టు వారంలో పొద్దుటి టిఫిన్, సీ షిఫ్టు వారంలో డ్యూటీకి వెళ్లేముందు ఎనిమిదిన్నరకి పెరుగన్నం. వేళ మారినా ఆ కూర్చోవడం మారదు. కుటుంబాల నిత్య అలవాట్ల మీద 50 ఏళ్లలో వచ్చిన 32 పరిశోధనలను బార్బరా ఫీస్ బృందం 2002లో ఒకచోట చేర్చి చూసింది. ఇలాంటి అలవాట్లు నిలబెట్టుకున్న ఇళ్లలో దంపతుల మధ్య సంతృప్తి, పిల్లల ఆరోగ్యం, ఎదిగే పిల్లలకి తామెవరన్న ఎరుక మెరుగ్గా ఉన్నాయని అందులో తేలింది. పరీక్షలున్న పిల్లకి ఆ పావుగంటలో మార్కుల ప్రస్తావన రాకపోవడం మంచిది. పదో తరగతి వయసుకి రాత్రి ఎనిమిది గంటల నిద్ర తక్కువలో తక్కువ. తండ్రి నైటు చేస్తున్నాడని పిల్ల కూడా రాత్రంతా కూర్చుని చదవడం వల్ల చదివింది నిలవదు. జ్ఞాపకం గట్టిపడేది నిద్రలోనే.

వదిలేయడం అన్నిటికన్నా కష్టం, మన సమాజంలో మరీనూ. పిలిచిన ప్రతి పెళ్లికీ వెళ్లాలి, వెళ్తే చదివింపులు, బట్టలు. ఒకే ముహూర్తానికి శ్రీకాకుళంలో ఒకటి, రాజమండ్రిలో ఒకటి పడితే భార్యాభర్తలు చెరో రైలెక్కుతారు. దువ్వాడ వాళ్లకి రైళ్ల సౌకర్యం ఉండటం కూడా దీనికి తోడు. విశాఖ స్టేషన్‌లో ఇంజిను దిశ మార్చాల్సి రావడంతో చాలా దూరప్రాంతపు రైళ్లు అక్కడికి వెళ్లకుండా దువ్వాడ మీదుగానే సాగిపోతాయి. రాత్రి ఏ వేళకైనా ఇక్కడ రైలుంది కాబట్టి రాలేమని చెప్పడానికి వంక దొరకదు. దగ్గరి పెళ్లిళ్లు ఏవో ముందే నిర్ణయించుకుని, మిగతావాటికి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పి, ఎండాకాలంలో ఒక ఆదివారం వెళ్లి కొత్త దంపతుల్ని చూసి రావడం మర్యాదకి లోటు కాదు. తీరిగ్గా వెళ్లినవాడికే వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడే వీలు ఉంటుంది. అప్పు కూడా ఈ కోవలోదే. సంక్రాంతికి తీసుకున్న చేబదులు తీర్చడానికి మార్చిలో ఓటీలు చేయాల్సి వస్తే, పండగ ఖర్చు నిద్రలోంచి కడుతున్నట్టే.

పాతకాలపు పండగలోనే విశ్రాంతికి ఒక రోజు ఉంది. కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. ఆ రోజు ప్రయాణాలు పెట్టుకోరు, పశువుల్ని పనికి కట్టరు, మినపగారెలు తిని ఇంటిపట్టున ఉంటారు. వెళ్తే గిళ్తే దగ్గర్లో ఉన్న శంకరం బొజ్జన్నకొండకి పిల్లల్ని తీసుకెళ్లి సాయంత్రానికి వచ్చేస్తారు. డ్యూటీల వల్ల కనుమ నాడు కుదరని ఇల్లు తన కనుమని వచ్చే వీక్లీ ఆఫ్‌కి జరుపుకోవచ్చు. ఆ రోజు బంధువులుండరు, షాపింగ్ ఉండదు, ముందు రోజు కూరలే వేడిచేసుకుంటారు. నాలుగు నెలల్లో ఇలాంటివి మూడు నాలుగు పెట్టుకున్న ఇల్లు మార్చి నెలని వేరే ముఖంతో చూస్తుంది.

శ్వాస, ధ్యానం, నడక కూడా ఇక్కడే వాటి చోట్లో ఇముడుతాయి. నిమిషానికి ఆరుసార్లు చొప్పున నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలితే గుండె వేగం, రక్తపోటు సర్దుకునే తీరు మెరుగవుతుందని వైద్యులు అంటారు. ఐదు నిమిషాలు చాలు, కంపెనీ బస్సులో కూర్చుని కూడా చేయవచ్చు. నాలుగు గంటలే నిద్రపోయిన మనిషికి మాత్రం ధ్యానం కన్నా ఇంకో రెండు గంటల నిద్ర మేలు చేస్తుంది.

ఇంటి ఏర్పాట్లకు లొంగని కలత ఒకటుంది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు కర్మాగారంలో ప్రభుత్వ వాటా నూరు శాతం ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెం కూడలిలో మొదలైన రిలే నిరాహార దీక్షలు 2023 నవంబరులో వెయ్యి రోజులు దాటాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించారు. ఈ మధ్యకాలమంతా పర్మనెంటు ఉద్యోగి ఇంట్లోనూ, అంతకన్నా కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లోనూ 'ఉద్యోగం ఉంటుందా' అన్న మాట పండగ పూట కూడా అన్నం దగ్గరికి వచ్చింది. దీన్ని మనోనిబ్బరంతో అధిగమించమని చెప్పడం అన్యాయం. భయానికి కారణం బయట ఉంది, దానికి తగ్గ పని కూడా నలుగురితో కలిసి బయటే చేయాలి. దీక్షా శిబిరంలో తన వంతు రోజు కూర్చుని వచ్చినవారు ఇంట్లో ఒంటరిగా వార్తలు స్క్రోల్ చేసినవారి కన్నా తేలికపడి ఉండేవారంటే ఆశ్చర్యం లేదు. ఇంటివరకు చేయగలిగింది ఒకటే: ఆ చర్చకి ఒక వేళ పెట్టుకుని, పిల్లలు వినాల్సినంత మేరకే వాళ్ల ముందు మాట్లాడుకోవడం.

అలసట హద్దు దాటిందని తెలిపే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఆఫ్ రోజున కూడా నిద్రపట్టకపోవడం, రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర కోసం మందు అలవాటవడం, చిన్నదానికి చెయ్యి లేవడం, బతకాలని లేదనే మాట రావడం. ఇవి కనిపిస్తే క్యాలెండరు సరిపోదు, డాక్టరు కావాలి. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ సేవకి 14416 నంబరుకి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. రాత్రి రెండింటికి మేలుకుని ఉండే షిఫ్టు మనుషులకి రాత్రిపూట కూడా పలికే నంబరు ప్రత్యేకంగా పనికొస్తుంది.

యాజమాన్యాల వైపు పని కూడా కొంత ఉంది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు చేసేవారి కన్నా పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి చెప్పాయి. మార్చి నెల ఓటీలు వేసే సూపర్‌వైజరు ఈ అంకెలు తెలుసుకుని ఉండాలి. మనిషి లోపలి గడియారం 24 గంటల కన్నా కొద్దిగా ఎక్కువ. అందుకే షిఫ్టులు ఏ నుంచి బీకి, బీ నుంచి సీకి ముందుకి తిరిగితే ఒళ్లు తేలిగ్గా అలవాటుపడుతుంది, సీ నుంచి బీకి వెనక్కి తిరిగితే కష్టపడుతుంది. నైటు దిగిన మనిషిని అదే సాయంత్రం మీటింగుకి పిలవకపోవడం, పండగ వారం జాబితా నెల ముందే బోర్డు మీద పెట్టడం, సీ షిఫ్టు దిగినవారికి సొంత బండి అవసరం లేకుండా బస్సు నడపడం పెద్ద ఖర్చు లేనివి. 50 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణ చెప్పింది. పసిపిల్లల తల్లులు పెద్ద సంఖ్యలో పనిచేసే సెజ్ కంపెనీల్లో ఆ గది తలుపు నిజంగా తెరిచి ఉందా, పండగ వారంలో ఆయా ఉందా అన్నది ఆ తల్లుల నాలుగు నెలలు ఎలా గడుస్తాయో చాలావరకు నిర్ణయిస్తుంది.